రహీం సాహెబుగారి ఋణము

గెలిచినవాని మెడలో పూలదండ వేయుట లోకమునకు సులభము. గెలుపు నేర్పినవానిని వెదకి గౌరవించుటకు మాత్రము లోకమునకు తీరిక చిక్కదు. మైదానమున బంతిని తన్నువానిని వేలాది జనము కన్నులార చూతురు. ఆ కాలికి విద్య గఱపినవాడు మైదానపు టంచున మౌనముగా నిలిచియుండును. ఆట ముగిసిన పిమ్మట జనము ఇండ్లకు మరలుదురు. ఆయన పేరడుగువా రుండరు. ఇది మానవస్వభావమని కొంతవఱకు సరిపుచ్చుకొనవచ్చును. కాని ఒక దేశము తనకు అత్యున్నతస్థానము సంపాదించిపెట్టిన గురువును ఆఱు దశాబ్దములకు పైగా ఉపేక్షించుట స్వభావము కాదు, అపచారము. హైదరాబాదు నగరమునకు చెందిన కీర్తిశేషులు సయ్యద్ అబ్దుల్ రహీంగారి విషయమున మనము చేసినది ఇట్టి అపచారమే యని మా నిశ్చితాభిప్రాయము. వారి జీవితకథను పాఠకుల ముందుంచి, వారికి జరుగవలసిన గౌరవమును గూర్చి మా వాదమును విన్నవింప దలచితిమి.

మే మీ విషయమున తటస్థులము కామని ముందే ఒప్పుకొనుచున్నాము. ఫుట్‌బాలు ఆటయందు మాకు మక్కువ మెండు. రహీంగారియందు అంతకంటె మెండు. అయినను అభిమానము కన్నులను కప్పకుండునట్లు, వారి జయములతోపాటు అపజయములను గూడ దాచక చెప్పెదము.

రహీంగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టభద్రులై, అచటి జట్టులో ఆడి పేరుగాంచిరి. వృత్తిచేత ఉపాధ్యాయులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో పిల్లలకు చదువు చెప్పిరి. తరువాత వ్యాయామవిద్యలో గూడ శిక్షణ పొందిరి. ఈ ఉపాధ్యాయవృత్తిని పాఠకులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. వారి తదుపరి జీవితమంతయు దీనినుండియే మొలకెత్తినది. వారు బంతియాటను గూడ బడిపాఠమువలెనే చెప్పిరి: సులభమైన దానినుండి కఠినమైన దానికి, ఒకరి నైపుణ్యమునుండి పదునొకండుగురి పొందికకు. 1940ల ప్రథమార్ధమున హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, తుదివఱకు ఆ భారమును మోసిరి.

ఆ కాలమున మన దేశపు ఆట ఎట్లుండెనో చెప్పినగాని రహీంగారు చేసిన పని విలువ తెలియదు. ఆటగాండ్రలో పెక్కుమంది ఉత్తకాళ్లతో ఆడెడివారు. బంతి చిక్కినవాడు దానిని విడువక, ఎదుటివారి నొక్కొక్కరినే తప్పించుకొని పోవుటయే ఘనత యనిపించుకొనెడిది. జనమును దానికే చప్పట్లు కొట్టెడివారు. రహీంగా రీ పద్ధతిని మూలమునుండి మార్చ బూనిరి. బంతి మనిషికంటె వేగముగా పోవును గనుక మనిషి పరుగెత్తుటకంటె బంతిని పరుగెత్తించుట మేలని వారు బోధించిరి. ఈ బోధను మాటలతో విడిచిపెట్టక పోటీలుగా మార్చిరి. బంతిని ఎవడును తనయొద్ద నుంచుకొని తిప్పరాదను నియమముతో కొన్ని పోటీలు నడపిరి. అలవాటు లేని కాలితోనే తన్నవలెనను నియమముతో మఱికొన్ని నడపిరి. కుడికాలి వాటముగల పిల్లవాడు ఎడమకాలితో తడబడుచు, నవ్వులపాలగుచు, కొన్నినెలలకు రెండు కాళ్లవాడగుచుండెను. బీదనగరపు గల్లీలలో, ఖరీదైన సామగ్రి యేదియు లేక, ఒక్క నియమమును మార్చుటచేత విద్యను మార్చిన ఈ యుపాయము మాకు మిక్కిలి అబ్బురముగా నున్నది.

1950లో వారు హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసి అప్పటికి రెండేండ్లు మాత్రమే యైనది. నగరపు మనస్సులో గాయములు పచ్చిగానే యుండెను. అట్టి సమయమున ఈ పోలీసు జట్టు బొంబాయికి పోయి రోవర్సు కప్పును గెలిచి తెచ్చెను. ఒక్కసారి కాదు, 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు దానిని వదలలేదు. ఢిల్లీలో జరుగు ప్రసిద్ధమైన డ్యూరాండు కప్పును 1950లోను, 1954లోను, 1957లోను గెలిచిరి. ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టను పేర 1961లో మఱల గెలిచిరి. ఫుట్‌బాలన్న కలకత్తాదే యని దేశమంతయు నమ్మియున్న దినములలో, దక్కనునుండి వచ్చిన కానిస్టేబుళ్లు ఆ నమ్మకమును చెరిపివేసిరి. కలకత్తావారు గొప్ప రసజ్ఞులు గనుక కోపగింపక హైదరాబాదు ఆటగాండ్రను తమ జట్టులకు పిలుచుకొనిరి. ఆ పిలుపే రహీంగారికి చేసిన మొదటి సన్మానమని మేము తలంతుము.

ఆటగాండ్రను కనిపెట్టుటలో వారి దృష్టికి తిరుగులేదు. సికింద్రాబాదు పొరుగున నున్న అమ్ముగూడలోని బీద కుటుంబపు బాలుడు తులసీదాస్ బలరాం. ఆ బాలునకు అభ్యాసమునకై ప్రతిదినము నగరమునకు వచ్చుటకు దారిఖర్చు లేదు. రహీంగారు సైకిలు అద్దెకు సొమ్మిచ్చి రప్పించుకొనిరి. ఆ బలరాం మూడేండ్లు గడువకమునుపే ఒలింపిక్సులో ఆడెను. మన దేశము కన్న ఉత్తమ క్రీడాకారులలో నొకడని పేరు పొందెను. సైకిలు అద్దె స్వల్పము. కాని అది చేతికందని పిల్లవానికి అంతకుమించిన దానము లేదు. ఇట్టి దానములకు పద్దులుండవు. గనుకనే బిరుదులిచ్చువారి కంటికి ఆనవు.

ఇక దేశీయ జట్టు విషయము. 1951 మార్చిలో ఢిల్లీనగరమున మొదటి ఆసియా క్రీడలు జరిగెను. రహీంగారి శిక్షణలో భారత జట్టు ఇండోనీషియాను, ఆఫ్ఘనిస్తానును ఓడించి, తుదియాటలో ఇరానును ఒక్క గోలుతో జయించి స్వర్ణపతకమును పొందెను. శైలేన్ మన్నా నాయకుడు. గోలు వేసినవాడు మేవాలాల్. ప్రధానమంత్రి నెహ్రూ పండితుడు ఆనాటి ప్రేక్షకులలో నుండెను. స్వతంత్రభారతము కండ్లు తెఱచిన నాలుగేండ్లకే ఆసియాఖండమున అగ్రస్థానము లభించెను.

మఱుసటి సంవత్సరమే పరాభవము. 1952లో హెల్సింకి ఒలింపిక్సున యుగోస్లావియా మన జట్టును 10–1 గోళ్లతో ఓడించెను. ఆ శీతలదేశపు నేలమీద మనవారిలో పెక్కుమంది బూట్లు లేకయే ఆడిరి. రహీంగారిని విమర్శింప దలచినవారికి ఈ ఓటమియే మొదటి ఆయుధము. మేమును దానిని దాచము. కాని ఓటమిని చూచి నేరమును ఇతరులపై త్రోయువాడు వేఱు, ఓటమిని పాఠముగా చదువువాడు వేఱు. ఆ పరాభవానంతరము దేశమున బూట్లు తొడుగుకొని ఆడుట నిర్బంధమైనది. రహీంగారు యూరపులోని ఆటతీరును శ్రద్ధతో పరిశీలించిరి. 1953లో హంగేరీ జట్టు ఇంగ్లండును దాని సొంతగడ్డమీదనే ఓడించినప్పుడు ప్రపంచమంతయు విస్తుపోయెను. ఆ హంగేరీవారి మెలకువలను మన దేశమున ముందుగా గ్రహించినవారిలో రహీంగారొకరు. వెనుక నలుగురు, నడుమ నిద్దరు, ముందు నలుగురు నిలిచి ఆడు పద్ధతిని 1958లో బ్రెజిలు జట్టు లోకప్రసిద్ధము చేసెను. ఆ కాలముననే ఈ బడిపంతులు హైదరాబాదు మైదానములలో అదే విద్యను నూఱిపోయుచుండెను.

దీని ఫలము 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున పండెను. ఆ సంవత్సరమే నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించెను. సరిగా నెలదినములకు, డిసెంబరు 1వ తేదీన, భారత జట్టు ఆస్ట్రేలియాను దాని సొంత నేలమీద 4–2 గోళ్లతో జయించెను. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోళ్లు వేసెను. ఒలింపిక్సు ఫుట్‌బాలులో ఒకే యాటయందు మూడు గోళ్లు వేసిన మొదటి ఆసియావాసి అతడే. దానితో ఒలింపిక్సులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదైనది. ఆ జట్టులో హైదరాబాదువారు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, బలరాం, జుల్ఫికరుద్దీన్ ప్రభృతులుండిరి. సెమీఫైనలులో యుగోస్లావియాపై మొదటి గోలు మనదే. కాని పిమ్మట నాలుగు గోళ్లు తిని ఓడితిమి. మూడవ స్థానపు ఆటలో బల్గేరియాతో గూడ ఓడి నాలుగవ స్థానముతో మరలితిమి.

మొదటి రౌండులో హంగేరీ ఆటకు రానందున ఆడకయే ముందుకు పోతిమి గదా యని కొందఱు చప్పరింతురు. నిజమే. కాని ఆస్ట్రేలియాను ఓడించినది ఆడియే గదా! ఆ ఫలితము కాకతాళీయమేమో యని శంకించువారికి, కొలదిదినములకే సిడ్నీలో జరిగిన స్నేహపూర్వకపు పోటీలో 7–1 గోళ్లతో మనవారు సమాధానము చెప్పిరి. 1960లో రోమునగరపు ఒలింపిక్సులో మన జట్టు హంగేరీతో ఒక్క గోలు తేడాతో మాత్రమే ఓడెను. ఫ్రాన్సుతో 1–1గా సమముగా నిలిచెను. పెరూతోను ఓడి ముందుకు పోలేకపోయెను గాని, ఎనిమిదేండ్ల క్రిందట పది గోళ్లు తిన్న జట్టు ఇదియేనా యని యూరపువారే తలలూపిరి. ఆ పిమ్మట నేటివఱకు మన పురుషుల ఫుట్‌బాలు జట్టు ఒలింపిక్సు ముఖమే చూడలేదు. ఈ ఒక్క మాటతో రహీంగారి విలువ తేటతెల్లము కాగలదు.

అన్నిటికంటె కఠినమైన పరీక్ష 1962లో జకార్తాలో జరిగెను. ఇజ్రాయేలు, తైవాను దేశముల క్రీడాకారులను ఇండోనీషియా రానీయకపోగా, మన దేశమునకు చెందిన ఒలింపిక్సు సంఘసభ్యుడు సోంధీగారు అభ్యంతరము చెప్పిరి. దానితో ఆ నగరపు జనమున భారతీయులపై ఆగ్రహము రగిలెను. మన దౌత్యకార్యాలయముపై అల్లరిమూకలు పడెను. మన ఆటగాండ్రు మైదానమున అడుగిడినంతనే వేలాది కంఠములు ఎగతాళి కేకలు వేసెడివి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2–0 గోళ్లతో ఓడించెను. తరువాత థాయిలాండును, జపానును గెలిచితిమి గాని, థాయిలాండుతో ఆడునపుడు రక్షణపంక్తికి వెన్నెముకయైన జర్నేల్ సింగు తల పగిలి కుట్లుపడెను.

ఇచట రహీంగారి బుద్ధిసూక్ష్మత చూడదగినది. కుట్లు పడిన తలతో వెనుక నిలిచి బంతులను అడ్డుకొనుట జర్నేలునకు కష్టము. అతనిని విడిచిపెట్టిన జట్టునకు నష్టము. ఆ పంజాబు యువకుడు చదువుకొను దినములలో ముందువరుసలో ఆడియున్న సంగతి గురువు మఱవలేదు. సెమీఫైనలులో అతనిని ముందువరుసకు పంపిరి. దక్షిణ వియత్నాముపై అతడు ఒక గోలు వేసెను, నాయకుడు చునీ గోస్వామి రెండు గోళ్లు వేసెను, 3–2తో గెలిచితిమి. ఫైనలులో ఎదుట నిలిచినది మొదట మనల నోడించిన దక్షిణ కొరియాయే. జ్వరపీడితుడై లేచిన తంగరాజును గోలు కాచుటకు నిలిపిరి.

ఈ దినములన్నిటను రహీంగారి దేహమున మృత్యువు గూడుకట్టుకొనియుండెను. ఊపిరితిత్తుల రాచపుండు వ్యాధి వారిని లోలోన తినుచుండెను. ఫైనలుకు ముందటి రాత్రి శిష్యులను దగ్గఱకు పిలిచి, తనకొక్క కానుక కావలెననియు, అది స్వర్ణపతకమనియు వారు కోరిరని శిష్యులు జీవితాంతము చెప్పుకొనిరి. ఎన్నడు నేమియు అడుగని గురువు అడిగిన గురుదక్షిణ అది.

1962 సెప్టెంబరు 4వ తేదీన లక్ష మందితో క్రిక్కిఱిసిన సేనాయన్ స్టేడియమున ఆ దక్షిణ చెల్లింపబడెను. మొదటి ఇరువది నిముషములలోనే పి. కె. బెనర్జీ ఒకటి, తలకు కట్టుకట్టుకొనిన జర్నేలు ఒకటి గోళ్లు వేసిరి. కొరియావారు ఆట ముగియవచ్చిన తరుణమున ఒక్క గోలు మాత్రము వేయగలిగిరి. చుట్టును శత్రుఘోష వినబడుచున్న ఆ స్టేడియమున మన జట్టును ఉత్సాహపఱచినవారెవరో తెలిసిన పాఠకులు ఆశ్చర్యపడుదురు. అదే క్రీడలలో హాకీయందు మనతో పోరి గెలిచిన పాకిస్తాను జట్టువారు! క్రీడ మానవుని ఎంత యెత్తునకు కొనిపోగలదో దీనివలన తెలియుచున్నది. బలరాం, యూసఫ్ ఖాన్ వంటి మన ప్రాంతపు బిడ్డలు ఆనాడు పతకములు ధరించిరి. శిక్షకునకు పతకము లేదు. ఆసియా క్రీడలలో మన పురుషుల జట్టు పొందిన ఫుట్‌బాలు స్వర్ణములు రెండే. ఆ రెండును రహీంగారు తెచ్చినవే. మూడవది నేటికిని రాలేదు.

తొమ్మిది నెలలు దాటగనే, 1963 జూన్ 11వ తేదీన, ఏబదినాలుగవ ఏడు నిండకమునుపే రహీంగారు కన్నుమూసిరి. వారితోపాటు మన ఫుట్‌బాలు గూడ శ్మశానవాటికకు పోయినదని ఆట తెలిసినవారు వాపోయెదరు. మే మంత నిరాశావాదులము కాము. 1964లో ఆసియా కప్పు పోటీలో మనవారు రెండవస్థానమును, 1970 ఆసియా క్రీడలలో కాంస్యమును పొందిరి. అయినను ఆ తరము రహీంగారు నాటిన చెట్టు ఫలములనే కోసికొనినదనియు, క్రొత్త నాట్లు వేయువారు కఱవైరనియు చెప్పక తప్పదు. సేద్యము చేయువారికి ఈ సంగతి మేము విప్పి చెప్పనక్కఱలేదు.

ఇక గౌరవము మాట. శిష్యులకు గౌరవములు జరిగినవి, మాకు సంతోషమే. శైలేన్ మన్నాకు 1971లోను, చునీ గోస్వామికి 1983లోను, పి. కె. బెనర్జీకి 1990లోను పద్మశ్రీ లభించెను. జర్నేలు, తంగరాజు, యూసఫ్ ఖాన్ అర్జున పురస్కారములు పొందిరి. కుమారుడు సయ్యద్ షాహిద్ హకీంగారు రోము ఒలింపిక్సు జట్టులోని వారు, అంతర్జాతీయ రిఫరీ. వారికి 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారమిచ్చిరి. వీరందఱి వెనుక నిలిచిన గురువునకు మాత్రము బ్రతికియుండగా పద్మ పురస్కారము గాని మఱియే జాతీయ బిరుదము గాని రాలేదు. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారమును 1985లో నెలకొల్పిరి. అప్పటికి రహీంగారు గతించి ఇరువదిరెండేండ్లు. ఆనాడు పురస్కారమే లేదు గదా, ప్రభుత్వముదేమి తప్పని అధికారు లనవచ్చును. పద్మ పురస్కారములు 1954 నుండియు ఉన్నవి. మరణానంతరము ఇచ్చుట సామాన్యముగా లేకున్నను, మిక్కిలి అర్హులైనవారి విషయమున ఇచ్చుటకు నియమము అడ్డుపడదు. రెండు ఆసియా స్వర్ణములకును ఒలింపిక్సు నాలుగవ స్థానమునకును కర్తయైన వానికంటె అర్హు డెవ్వడు?

ఏమియు జరుగలేదని మేము అనము. ఐ-లీగు పోటీలలో ఉత్తమశిక్షకున కిచ్చు బహుమతికి ఫుట్‌బాలు సమాఖ్యవారు రహీంగారి పేరుంచిరి. 2024లో వారి జీవితమును ఆధారము చేసికొని హిందీలో మైదాన్ అను చలనచిత్రము వచ్చెను. దానిని చూచి ఇంటికి వచ్చిన తెలుగు యువకులు, ఈయన మన హైదరాబాదువాడా యని అడుగుచుండిరట! పెరటిచెట్టు మందునకు పనికిరాదన్న సామెత మన నోట పుట్టినది ఊరకే కాదు. బొంబాయి చిత్రకారులు చెప్పినగాని మన నగరపు మాన్యుని మన మెఱుగకపోయితిమన్న, ఆ సిగ్గు ప్రభుత్వముది మాత్రమే కాదు, మనది గూడ. పత్రికలవారిది గూడ.

అందుచే మా కోరికలు మూడు. భారతప్రభుత్వము రహీంగారిని మరణానంతర జాతీయ పురస్కారముతో గౌరవింపవలెను, ఇది మొదటిది. హైదరాబాదులో బీదపిల్లలు, బాలురును బాలికలును, రుసుము లేక ఆడుకొనదగిన ఒక మైదానమునకు వారి పేరు పెట్టి, దానిని ఇతరకార్యములకు వాడకుండ కాపాడవలెను, ఇది రెండవది. మూడవది ప్రభుత్వముల చేతిలోనిది కాదు. తెలుగునాట పాఠశాల నడుపు ప్రతి గ్రామపెద్దయు, పురప్రముఖుడును ఏటేట ఒక్కనాడు పిల్లలకు రహీంగారి పద్ధతిని అలవాటులేని కాలితో ఆడు పోటీ పెట్టింపవలెను. దానికి కావలసినది ఒక బంతి, ఒక బయలు, ఓర్పుగల ఒక ఉపాధ్యాయుడు మాత్రమే. దూరపుపల్లెనుండి వచ్చు పిల్లవానికి సైకిలు ఖర్చు పెట్టుకొనువా రుండిన మఱియు మేలు.

శిలావిగ్రహమునకు ఏటికొకమాఱు పూలదండ వేసి మఱచిపోవుట మనకు బాగుగా అలవాటైన విద్య. రహీంగారు శిష్యులను అడిగినది దండ కాదు, గెలుపు. ఆ ముగ్గుఱు నలుగురు యువకులు తలలు పగిలి, జ్వరములతో లేచి ఆనాడు తమ ఋణమును తీర్చుకొనిరి. మన ఋణము ఇంకను మిగిలియేయున్నది.